ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్

చిన్నోడి లాప్‌టాప్ బాగైపోయింది. వాడు తిని పడుకున్నాడు కూడా. నాకే ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే ఈ రాత.

రేపు వాడికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ల్యాబ్ ఇంటర్నల్. కాలేజీలో 3.12 ఉండాలన్నారని నిన్న పాత 3.8 తీసేసి కొత్తది ఎక్కించుకున్నాడు. ఇక అప్పట్నుంచి కమాండ్లు కొట్టే నల్ల విండోలో పైథాన్ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, స్క్రీన్ నిండా ఏవేవో లైన్లు, చివర్లో ఫాటల్ ఎర్రర్, దాని కింద ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ ఎన్‌కోడింగ్స్’. సీనియర్‌కి ఫోన్ చేస్తే తీసేసి మళ్లీ ఎక్కించమన్నాడట. ఎక్కించినా అదే. పాపం, ఎండలో బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్లాడు. నేను ఆఫీసులో ఉండగా షాపతను వాడి ఫోన్లోంచే నాతో మాట్లాడాడు. “విండోసే పాడైంది, ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, గంటలో ఇచ్చేస్తా.”

వద్దు బాబూ, ముట్టుకోకండి అన్నాను. వాడి రికార్డు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. మా పెదనాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు కూడా ఇంకెక్కడా లేవు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

నా కోపమల్లా ఒక్కటే. అంతమంది ఆ స్క్రీన్ చూశారు, ఒక్కరూ చదవలేదు. నిజానికి అంత మర్యాదగా తన బాధ చెప్పుకునే ఎర్రర్ మెసేజ్ నేను చూడలేదు. పైభాగంలోనే ‘పైథాన్ పాత్ కాన్ఫిగరేషన్’ అని రాసి, దాని కిందే పైథాన్‌హోమ్ అంటే సి డ్రైవ్‌లో పైథాన్38 ఫోల్డర్ అని చూపిస్తోంది. ఆ ఫోల్డర్ నిన్నే పోయింది కదా! పైథాన్‌హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే విండోస్ దాచుకుని ప్రోగ్రాములకి అందించే ఒక సెట్టింగ్, ఉంటే, పైథాన్ తనతో పాటు వచ్చే కోడ్ ఫైళ్ల (స్టాండర్డ్ లైబ్రరీ) కోసం తన సొంత ఫోల్డర్ మానేసి అది చెప్పిన చోటికే పోతుంది. అక్కడ ఏమీ లేదు. లైబ్రరీలో మొట్టమొదట కావాల్సింది ఎన్‌కోడింగ్స్ అనే భాగం. ఫైళ్ల పేర్లను బైట్ల నుంచి అక్షరాల్లోకి మార్చుకోవాలన్నా అదే కావాలి. కాబట్టి అడుగు పడకముందే ఆగిపోయింది. లైబ్రరీ నిక్షేపంలా కొత్త ఫోల్డర్లోనే ఉంది, ఎన్‌కోడింగ్స్‌తో సహా. మళ్లీ ఎన్నిసార్లు ఎక్కించినా ఏం లాభం? ఆ వేరియబుల్‌ని ఇన్‌స్టాలర్ పెట్టలేదు, అది తీసేయదు కూడా.

రాత్రి వాడి పక్కన కూర్చుని ముందు పైథాన్ పక్కన హైఫన్ పెట్టి క్యాపిటల్ ఈ కొట్టమన్నాను. అలా కొడితే పైథాన్ పేరుతో మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వేటినీ అది పట్టించుకోదు. వెంటనే లేచింది! అంటే రోగం అక్కడే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పైథాన్‌హోమ్ డిలీట్ చేశాడు. చేసినా అదే ఎర్రర్ వచ్చేసరికి మళ్లీ బిక్కమొహం పెట్టాడు. ఆ నల్ల విండో మూసేసి కొత్తది తెరువు నాన్నా అన్నాను. ముందే తెరిచిన విండోకి పాత విలువే గుర్తుంటుంది. చాలామంది ఇక్కడే ఆశ వదిలేసుకుంటారు.

ఇదంతా చేస్తుంటే గుంటూరు గుర్తొచ్చింది. బ్రాడీపేట హాస్టల్, ఎంసీఏ మొదటి ఏడు, సి భాషలో ప్రోగ్రాములు రాసుకునే టర్బో సి నీలం తెర. ఎవరో ఫ్లాపీల్లో తెచ్చి ల్యాబ్‌లో డి డ్రైవ్‌లో కాపీ చేశారు. హలో ప్రోగ్రాం కొడితే ‘అనేబుల్ టు ఓపెన్ ఇన్‌క్లూడ్ ఫైల్ స్టుడియో.హెచ్’. మేమందరం దాన్ని స్టుడియో అనే చదివేవాళ్లం. ఎస్‌టీడీఐఓ అని ఎవరు పలుకుతారు? ల్యాబ్ అసిస్టెంట్‌ని పిలిస్తే వచ్చి, చూసి, ఈ మెషీన్ పోయింది, అవతల కూర్చోండి అని వెళ్లిపోయేవాడు. అలా వరసలో సగం మెషీన్లు ‘పోయినవే’. ఒక మెషీన్ మీద నలుగురం ఆడపిల్లలం, కీబోర్డు చేతికి రావడమే గగనం. ఒకరోజు ఒక సీనియర్ అక్క వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆప్షన్స్, డైరెక్టరీస్ తెరిచింది. ఇన్‌క్లూడ్ ఫైళ్ల చోటు దగ్గర సి డ్రైవ్ అని ఉంది. సి కొట్టేసి డి రాసింది. కంపైల్ అయింది. రన్ కొడితే ఈసారి ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం తయారుచేసే లింకర్ నుంచి ఎర్రర్, సీజీరోఎస్ ఫైలు లేదంటూ. నా గుండె జారిపోయింది. అక్క మాత్రం ఏమీ కంగారు పడకుండా మళ్లీ అక్కడికే వెళ్లి లైబ్రరీ డైరెక్టరీ దగ్గర కూడా డి చేసింది. “ఫైల్ ఎక్కడికీ పోలేదే, ఇది తప్పు ఇంట్లో వెతుకుతోంది” అంది. ఆ సాయంత్రానికి పోయిన మెషీన్లన్నీ ఒక్కొక్కటిగా బతికాయి. ఆ రోజు నాకు కంప్యూటరంటే భయం పోయింది. ఆ అక్క ఇప్పుడు ఎక్కడుందో గానీ, ఈ ఉద్యోగం, ఈ జీతం చాలావరకు ఆమె చలవే.

ఇంతవరకు రాశాక షాపతని మీద కోపం కొంచెం దిగింది. అతనికి వరసగా లాప్‌టాప్‌లు వచ్చి పడుతుంటాయి. ఎర్రర్లు చదివినందుకు ఎవరూ డబ్బులివ్వరు, ఫార్మాట్‌కైతే ఇస్తారు. పైగా ఫార్మాట్ కొడితే ఆ వేరియబుల్ కూడా తుడిచిపెట్టుకుపోయి, మళ్లీ ఎక్కించాక పైథాన్ లేచేదే. విండోస్ పాడవలేదు గానీ, ఫార్మాట్‌తో బాగవుతుందన్నది అబద్ధం కాదు. కోపం చూపించాల్సింది అతని మీద కాదు.

మరి ఆ వేరియబుల్ పెట్టించిందెవరు? చిన్నోణ్ని అడిగితే వేసవిలో చేరిన కోచింగ్ సెంటర్‌లో ఇచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. జావాకి జావాహోమ్ పెట్టినట్టే పైథాన్‌కి పైథాన్‌హోమ్ పెట్టండి అని అందులో ఉంది. మామూలుగా పైథాన్‌కి అది అక్కర్లేదు. ఆ కాగితం ఎంతమంది పిల్లల చేతుల్లోకి వెళ్లిందో! వాళ్లు కొత్త వెర్షన్ ఎక్కించిన రోజున వీడిలాగే బెంబేలెత్తుతారు. వాళ్లలో ఎంతమంది ఫార్మాట్‌కి ఒప్పుకుని ఉన్నదంతా పోగొట్టుకుంటారో!

బాగయ్యాక వాడు ముందు కొట్టింది అమ్మ అని, తెలుగులో. అందులో ఎన్ని గుర్తులున్నాయో (లెంత్) అడిగితే పైథాన్ 4 అంది. రెండే కదమ్మా అన్నాడు. అ, మ, పొల్లు, మళ్లీ మ అని వేలు పెట్టి చూపించాను. వాడి కళ్లు మెరిశాయి. కాసేపు ఇంటర్నల్ కూడా మర్చిపోయి ఇంట్లో అందరి పేర్లూ కొట్టి చూసుకున్నాడు.

ఆ కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకున్నాను. రేపు ఆఫీసు నుంచి వస్తూ బెంజి సర్కిల్ దగ్గర దిగి, ఆ సెంటర్‌కి వెళ్లి ఆ లైను కొట్టేయమని అడుగుతాను. పాత బ్యాచ్ పిల్లలకి కూడా మెసేజ్ పెట్టమంటాను. వాళ్లు పెట్టకపోతే చిన్నోడి దగ్గరున్న నంబర్లకి నేనే పెడతాను.