చిట్టెలుకల మీద మారేడు కాయ సారం విషపరీక్ష: నా అనుభవం

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి నేను తీసుకున్నది మారేడు కాయ. "జనం తినే కాయే కదా, దానికి విషపరీక్ష ఎందుకు?" అని ఇంట్లోనే కాదు, క్లాసులో కూడా అడిగారు. పచ్చగన్నేరు కాయ కూడా చెట్టుకే కాస్తుంది. పైగా గుజ్జు తినడం వేరు, అదే గుజ్జుని ఆల్కహాల్‌లో మరిగించి చిక్కబరిచి ఒక్కసారిగా కడుపులోకి పంపడం వేరు.

హైదరాబాద్ బేగంబజార్‌లో ఎండిన మారేడు ముక్కలు దొరుకుతాయి గానీ, అవి పనికిరావు. ఆకు, కొమ్మతో సహా తీసుకెళ్లి బోటనీ వాళ్లతో ఇది ఫలానా మొక్కేనని రాయించుకోవాలి, లేకపోతే ఆ తర్వాత చేసిన పనికి విలువే ఉండదు.

అసలు టెన్షన్ ఎథిక్స్ కమిటీ దగ్గర. జంతువుల మీద ప్రయోగానికి అనుమతి అడిగే ఫామ్ బి లో ఎన్ని జంతువులు కావాలి, అన్నే ఎందుకు, వాటికి బదులు వేరే దారి లేదా అన్నీ రాయాలి. ఒకప్పుడు ఎల్‌డి 50 కోసం, అంటే సగం జంతువుల్ని చంపే డోసు తేల్చడం కోసం, చాలా జంతువుల్ని వాడేవారు. ఆ పాత పద్ధతిని, అంటే ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పరీక్షా మార్గదర్శకాల్లో 401వ నంబరుని, 2002 చివర్లో తీసేశారు. నేను ఎంచుకున్నది వాళ్లదే 423వ నంబరు. ఇందులో మెట్లు మెట్లుగా డోసు ఇస్తారు, మెట్టుకి 3 జంతువులే, మామూలుగా ఆడవి. కమిటీలో ఉన్న వెటర్నరీ డాక్టర్ గారు ఒక్కటే అడిగారు: "డోసు తర్వాత గమనించాల్సిన 14 రోజులు పూర్తికాకముందే ఒకటి బాగా బాధపడుతుంటే ఏం చేస్తావమ్మా?" ఎదురుచూడకుండా దానికి నొప్పి లేని ముగింపు ఇవ్వాలి, అది ఎప్పుడన్నది లక్షణాల ప్రకారం ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పేరా మొత్తం మా గైడ్ మేడమ్‌తో కూర్చుని మళ్లీ రాశాను.

ఎలుకలు వచ్చాక కనీసం 5 రోజులు కొత్త చోటుకి అలవాటు పడనివ్వాలి. మే నెల ఎండల్లో యానిమల్ హౌస్‌ని 22 డిగ్రీలకి 3 అటూఇటూగా ఉంచడం ఎంత పనో అక్కడ చూసే అన్నకే తెలుసు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం సారమే. మారేడు గుజ్జుకి జిగురెక్కువ, ఎంత ఆరబెట్టినా చేతికి అంటుకుంటూనే ఉంటుంది. లెక్క చూడండి, నేను ఇవ్వాల్సిన డోసు కిలో బరువుకి 2000 మిల్లీగ్రాములు, అంటే 25 గ్రాముల ఎలుకకి 50 మిల్లీగ్రాములు. 0.25 మిల్లీలీటర్లలో ఇవ్వాలంటే మిల్లీలీటరుకి 200 మిల్లీగ్రాములు కలపాలి, అది సూదిలో కదలదు. నీళ్లలో కలిపే మందుకి 100 గ్రాముల బరువుకి 2 మిల్లీలీటర్ల దాకా వెళ్లొచ్చు కాబట్టి పరిమాణాన్ని 0.5కి పెంచి సగం పలుచన చేశాను. మందు అడుగుకి దిగకుండా చిక్కబరిచే సీఎంసీ పొడితో బాగా నూరి, ప్రతి ఎలుకకి ముందు మళ్లీ కలపాలి, లేదంటే అడుగున దిగిపోయి చివరి దానికి డోసు మారిపోతుంది.

డోసుకి ముందు 3, 4 గంటలు మేత ఆపాలి, నీళ్లు మాత్రం ఆపకూడదు. మందుని నేరుగా కడుపులోకి పంపే, మొద్దు కొన ఉన్న గవాజ్ సూదిని గొంతులోకి జార్చేటప్పుడు అడ్డు తగిలితే నెట్టకూడదు, వెనక్కి తీసేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ చావు సారం వల్ల వచ్చింది కాదు. తర్వాత మొదటి అరగంట, ఆపైన 4 గంటల దాకా కళ్లు తిప్పుకోకుండా చూడాలి: బొచ్చు నిక్కబొడుచుకుందా, చొంగ కారుతోందా, వణుకు ఉందా, విరేచనాలున్నాయా, మూలకి ముడుచుకుందా. ఆ తర్వాత రోజూ చూడాలి, కనీసం వారానికోసారి బరువు రాయాలి.

మొదటి మూడూ బతికాయి, అదే డోసుతో రెండో మూడూ బతికాయి. చివర్లో కోసి చూస్తే కాలేయం, కిడ్నీలలో కంటికి కనిపించే తేడా ఏమీ లేదు. మేడమ్ నా డ్రాఫ్టు చదివి, "సురక్షితం అని రాయకు, ఒక్క డోసులో 2000 దాకా చావులు లేవు అని రాయి" అన్నారు. నిజమే, రోజూ నెలపాటు తాగితే లివర్ ఏమవుతుందో ఈ పరీక్ష చెప్పదు. దానికి 28 రోజుల పరీక్ష విడిగా ఉంది, దాని కోసం ఇప్పుడు మళ్లీ ఫామ్ బి నింపుతున్నాను.