మా చుక్కని ఎవరు ఎక్కొచ్చు: నా అనుభవం

గుర్రం కొన్న కొత్తలో నన్ను చూడగానే అందరూ అడిగే మాట ఒకటే, "ఒక్కసారి ఎక్కనా?" అని. బైక్ అయితే బ్రేకులు సరిగ్గా పడట్లేదనో, పెట్రోల్ లేదనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. గుర్రం ఎదురుగా నిలబడి గడ్డి నములుతూ ఉంటే ఏం అబద్ధం ఆడతాం? పైగా నాకు మొహమాటం ఎక్కువ. మొదటి నాలుగైదు నెలలు అడిగినవాళ్ళందరినీ ఎక్కించాను. స్నేహితులు, వాళ్ళ పిల్లలు, పక్క షెడ్డు వాళ్ళ చుట్టాలు, ఇలా. మా చుక్క (నుదుటి మీద తెల్ల మచ్చ, అందుకే ఆ పేరు) ఎవరినీ పడెయ్యలేదు, కరవలేదు. నెమ్మదైన గుర్రం కదా, ఫర్వాలేదులే అనుకున్నా. నెమ్మదిగా ఉండటం వేరు, నొప్పి లేకపోవడం వేరు అని ఒక ఆదివారం తెలిసింది.

ఆ రోజు ఒక స్నేహితుడు వాళ్ళ బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. "నేను చాలాసార్లు ఎక్కానండీ" అన్నాడాయన. ఎక్కడ, ఎన్నిసార్లు, ఎవరు నేర్పారు అని నేను అడగలేదు. నడకలో బాగానే ఉన్నాడు. ట్రాట్ (నడక కంటే వేగంగా, కుదుపుతో సాగే పరుగు) మొదలవగానే జీను మీద ఎగిరెగిరి పడటం, పడిపోతానేమోనన్న భయంతో పగ్గాలు పట్టుకుని వేలాడటం, దాంతో గుర్రం ఆగబోతే మడమలతో డొక్కలో పొడవటం. అంటే చుక్కకి "ఆగు", "పో" రెండూ ఒకేసారి చెప్తున్నాడన్నమాట. అది తల పైకెత్తేసింది, నోరు తెరిచింది, తోక విసురుతోంది, చెవులు వెనక్కి అంటించేసింది. నేను కంచె దగ్గర నిలబడి "పగ్గాలు కాస్త వదులు చెయ్యండి" అని రెండుసార్లు మెల్లగా అన్నాను. దింపెయ్యాల్సింది. దింపలేదు. పావుగంట తర్వాత ఆయనే దిగి "సూపర్ గుర్రమండీ" అని దాని మెడ తట్టి వెళ్ళాడు.

సాయంత్రం కళ్ళెం తీస్తుంటే కనబడింది. నోటి మూల ఎర్రగా ఒరుసుకుపోయి, చిటికెనవేలి గోరంత మేర చర్మం లేచిపోయి ఉంది. పగ్గాలు కట్టడానికి గుర్రం నోట్లో పెట్టే ఇనప కడ్డీని బిట్ అంటారు, అది పళ్ళ మీద ఉండదు. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ పల్చటి చిగురు, దాని కింద నేరుగా ఎముకే. ఓ నిలువెత్తు మనిషి పగ్గాలు పట్టుకుని వేలాడితే ఆ లాగుడంతా పడేది అక్కడే. ఈగ వాలితే ఆ ఒక్కచోటే చర్మం వణికించి తోలుకునే జంతువు అది.

పుండు వారంలో మానింది, ఆ వారం బిట్ పెట్టలేదు. తర్వాత నేనెక్కి పగ్గాలు అందుకోగానే తల పైకి విసిరేసింది. అంతకుముందు వేళ్ళు మూస్తే చాలు, ఆగేది. అది మళ్ళీ నా చేతిని నమ్మడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ ఉత్త నడకే. ఎక్కిన ప్రతివాళ్ళూ గుర్రానికి ఏదో ఒకటి నేర్పే దిగుతారని అప్పుడు అర్థమైంది. ఈయన నేర్పింది ఏంటంటే, పగ్గం తగిలిందంటే నొప్పి వస్తుందని.

ఇక ఎవరినీ ఎక్కించేది లేదని తీర్మానించుకుని ఏడాది పాటు అలాగే ఉన్నా. కొందరు ముఖం మాడ్చుకున్నారు, ఒకాయన మాట్లాడటం మానేశాడు, అదీ మంచికే. కానీ లోపల ఒకటి గుచ్చుతూనే ఉండేది. నేను మాత్రం ఎవరి గుర్రం మీద నేర్చుకున్నాను? ఆ రైడింగ్ స్కూల్లో ముసలి గుర్రం నోరు నేనూ అలాగే లాగి ఉంటాను కదా, నాకు గుర్తు లేకపోయినా దానికి గుర్తుండే ఉంటుంది.

ఆ తీర్మానం మణికట్టు విరగడంతో పోయింది (గుర్రం మీద నుంచి కాదు, మెట్ల మీద జారి. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు). ఆరు వారాలు ఎక్కొద్దన్నారు డాక్టరు. రోజూ పని అలవాటైన గుర్రం ఊరికే నిలబడితే ఏమవుతుంది? దాణా తగ్గించాను, బయట వదిలే టైము పెంచాను, ఒంటిచేత్తో తాడు పట్టుకుని నడిపించాను. పదో రోజుకల్లా నేను దాన్ని నడిపిస్తున్నానో అది నన్ను ఈడుస్తోందో తెలియకుండా పోయింది. ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

ఈసారి మొహమాటం పక్కన పెట్టి కూర్చున్నా. ముందు బరువు. టేపు తీసుకుని చుక్క ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత కొలిచాను, 180 సెంటీమీటర్లు. భుజం మొన నుంచి తుంటి వెనక మొన దాకా పొడవు 160. చుట్టుకొలతని దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు వస్తుంది. 436 వచ్చింది. మామూలుగా అందరూ చెప్పే లెక్క ప్రకారం మనిషి, జీను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదు, అంటే 87 కిలోలు. జీనూ కళ్ళెమూ కలిపి 10 తీసేస్తే బట్టలు, బూట్లతో సహా మనిషి 77. గట్టిగా పట్టుకోవాల్సిన గీత కాదనుకోండి, వయసు మీదపడిన గుర్రానికో, నడుము బలం లేనిదానికో ఇంకా తగ్గించాలి. కానీ కాదని చెప్పడానికి ఒక అంకె దొరకడం ఎంత సుఖమో! "మీరంటే ఇష్టం లేక కాదండీ, లెక్క ఒప్పుకోవట్లేదు" అనొచ్చు.

తర్వాత ఇన్సూరెన్స్ కాగితాలు తీశాను. కొన్నప్పుడు సంతకం పెట్టడమే తప్ప చదివిన పాపాన పోలేదు. చూస్తే వేరేవాళ్ళు రెగ్యులర్‌గా ఎక్కుతుంటే ముందే తెలియజేయాలని ఉంది. అంటే ఆ నాలుగైదు నెలలు ఎవరైనా పడి చెయ్యి విరగ్గొట్టుకుని ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

చుక్కని ఎక్కడానికి ఇద్దరు వచ్చారు. మొదటి కుర్రాడు మంచి రైడరే, నాకంటే బాగా ఎక్కుతాడు. వస్తూనే "ఇది ఎంత స్పీడు వెళ్తుంది?" అన్నాడు. రెండో అమ్మాయి చుక్క దగ్గరికి పక్కనుంచి వచ్చింది (సరిగ్గా ముక్కు ముందూ, సరిగ్గా వెనకా ఉన్నది గుర్రానికి కనబడదు), చెయ్యి వాసన చూడనిచ్చి, "దీనికి ఏం నచ్చదండీ?" అని అడిగింది. నాకు అక్కడే సగం తేలిపోయింది. మిగతా సగం కోసం ఎక్కనివ్వకుండా గంటసేపు చూశాను. బ్రష్ చేసింది, నాలుగు గిట్టలూ ఎత్తి శుభ్రం చేసింది, జీనుకి పొట్ట కింద కట్టే పట్టీ బిగించి పది అడుగులు నడిపించి మళ్ళీ ఒక రంధ్రం బిగించింది. చుక్క మొదట పొట్ట ఉబ్బించి పెడుతుంది, ఆ సంగతి నేను చెప్పలేదు.

ఎక్కాక ఇరవై నిమిషాలు, కంచె లోపలే. నేను ఆ అమ్మాయిని కాదు, గుర్రాన్ని చూస్తూ కూర్చున్నా. ఒక చెవి అటూ ఇటూ తిప్పుతూ వింటోంది, తోక వదులుగా ఊగుతోంది, కాసేపటికి మెడ కిందికి దించి బుస్సుమని ముక్కు చీదింది.  ట్రాట్‌లో ఒకసారి తూలినప్పుడు ఆ అమ్మాయి జూలు అందుకుంది కానీ పగ్గం పట్టుకుని లాగలేదు.

ఒక పేజీ కాగితం రాసుకున్నాం. వారానికి మూడు రోజులు, హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు, దూకించడాలు లేవు, చుక్కకి ఒంట్లో నలత అనిపిస్తే నాకు ఫోన్ చేశాకే ఏదైనా, తన స్నేహితుల్ని ఎక్కించకూడదు. చివరిది రాస్తుంటే ఆ అమ్మాయి నవ్వింది, "మీకు బాగా తగిలినట్టుందండీ" అని. ఇన్సూరెన్స్ వాళ్ళకీ తెలియజేశాను.

పిల్లలకి మాత్రం వేరే పద్ధతి. తాడు నా చేతిలోనే, పది నిమిషాల నడక, పగ్గాలు ఇవ్వను, జీను ముందు పట్టీ పట్టుకోమంటాను. చిన్న మడమ ఉన్న బూట్లే వేసుకోవాలి, లేకపోతే పాదం రికాబులోంచి (జీను పక్కన కాలు పెట్టే ఇనప రింగు) జారి అవతలికి దూరి ఇరుక్కుపోతుంది. పెద్దవాళ్ళకి నో. ఒక్క ఫొటో అంటే పక్కన నిలబడి తీసుకోమంటున్నా.

కట్టు విప్పి మూడు నెలలైంది. ఆ అమ్మాయి రోజులు ఆ అమ్మాయికే ఉంచాను. మొన్న పొద్దున నేను దాణా బకెట్‌తో లోపలికెళ్తే చుక్క తలెత్తి చూసి మళ్ళీ గడ్డిలో పడింది. ఐదు నిమిషాల తర్వాత గేటు దగ్గర ఆ అమ్మాయి స్కూటర్ ఆగిన చప్పుడుకి మెడ సాచి గొంతులోనే మెల్లగా గురగురమంది. ఆ పలకరింపు ఇన్నాళ్ళూ నాకొక్కడికే అనుకున్నాను. బకెట్ అక్కడ పెట్టేసి కాసేపు జీను తుడుస్తూ కూర్చున్నా, నిన్ననే తుడిచిందే.