ఫ్రిజ్ చూసి నాకు సాయం అక్కర్లేదని రాశారు

ఇవాళ పొద్దున నాలుగో ఇంజెక్షన్ వేయించుకున్నాను. డబ్బు కట్టకుండా వేయించుకోవడం ఇదే మొదటిసారి. వేసిన చోట ఇంకా సలుపుతూనే ఉంది, అయినా కూర్చుని రాస్తున్నాను, కోపం చల్లారితే సగం సంగతులు వదిలేస్తాను.

నా జబ్బు పేరు ఆక్రోమెగలీ. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వచ్చి, పెద్దయ్యాక కూడా గ్రోత్ హార్మోన్ అవసరానికి మించి ఊరుతుంది. ఆ వయసులో పొడవు పెరగం, చేతులు, పాదాలు, దవడ, నాలుక పెరుగుతాయి. ఏటేటా చెప్పుల సైజు మారింది, పెళ్లి ఉంగరం వేలికి బిగుసుకుపోతే కంసాలి దగ్గర కత్తిరించాల్సి వచ్చింది, అయినా ఒళ్లు వచ్చిందనే అనుకున్నాం. చివరికి పళ్ల మధ్య సందులు చూసి పళ్ల డాక్టరే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపాడు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే రక్తపరీక్ష, ఎమ్మారై, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ముక్కులోంచి ఆపరేషన్, అన్నీ ఒకదాని వెనక ఒకటి అయిపోయాయి. ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాను.

రక్తనాళాన్ని అంటుకున్న కాస్త ముక్క తియ్యడం కుదరలేదు. మూడు నెలలకు ఐజీఎఫ్-1, అంటే గ్రోత్ హార్మోన్ ఎంత పనిచేస్తోందో చూపే రక్తపరీక్ష, చేయిస్తే ఇంకా ఎక్కువే ఉంది. అప్పుడు డాక్టరమ్మ మందుల సంగతి ఓపిగ్గా చెప్పింది. కాబర్గోలిన్ మాత్ర చవక, ఐజీఎఫ్-1 కొద్దిగా ఎక్కువున్నవాళ్లకు దానితోనే సరిపోవచ్చు. ఆక్ట్రియోటైడ్ డిపో ఇంజెక్షన్, అంటే ఒంట్లో మెల్లమెల్లగా విడుదలయ్యే మందు, 28 రోజులకొకసారి పిరుదుకు వేస్తారు. లాన్రియోటైడ్ కూడా అలాంటిదే. రేడియేషన్ ఇస్తే పూర్తిగా పనిచేయడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకూ మందు వాడాల్సిందే. నేను ముందు మాత్రలు వాడాను, కొంత తగ్గింది గానీ నా వయసుకు ఉండాల్సినంతకు రాలేదు. అలా ఇంజెక్షన్ దాకా వచ్చాం. ఒక్క డోసు మా ఆయన నెల జీతంలో సగం దాటింది.

ఇన్సూరెన్స్ వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు, ఇది ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం, ఇవ్వం అని. ఉండేది బెంగళూరులోనే అయినా మాది అనంతపురం వైపు, ఆంధ్రా రేషన్ కార్డు ఉంది. 2019 నవంబరు నుంచి బెంగళూరు ఆసుపత్రుల్లో కూడా కొన్ని చికిత్సలకు ఆరోగ్యశ్రీ చెల్లుతోంది, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. అడిగి చూస్తే నెలనెలా కొనుక్కునే ఈ మందుకు మాకు రాదన్నారు. ఇక మిగిలింది మందు కంపెనీ వాళ్ల సాయం. మూడు డోసులు కొంటే నాలుగోది ఉచితం, కాకపోతే ఆదాయం చూస్తారు.

ఆదాయ సర్టిఫికెట్‌కు ఊరెళ్తే మీరు ఇక్కడ ఉండట్లేదు కదా అన్నారు, బెంగళూరులో అడిగితే ఆధార్ ఆంధ్రాది కదా అన్నారు. మూడుసార్లు బస్సెక్కాక ఊళ్లోనే ఇచ్చారు. అదైనా నయం, అసలు బాధ తర్వాత వచ్చింది.

కంపెనీ తరఫున ఏదో ఏజెన్సీ మనిషి ఇల్లు చూడ్డానికి వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. కాఫీ ఇచ్చాను, తాగాడు. తర్వాత ఫోన్ తీసి హాలు, వంటగది, నా కుట్టు మిషను, బీరువా ఫోటోలు తీశాడు. చేతులకున్న గాజులు బంగారమా అని అడిగాడు. "మేడమ్, మీరు మనిషి బలంగానే ఉన్నారే, నిజంగా అంత జబ్బా?" అన్నాడు. నా జబ్బే అది. ఈ చేతులు, ఈ దవడ, వాటినే చూసి ఆరోగ్యం అన్నాడు. నోట మాట రాలేదు, ఊరికే ఫైలు ముందుకు తోశాను. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు తీసి చూశాడు. పాత ఫ్రిజ్‌లో చల్లదనం నిలిచేది కాదు, ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అందుకని వాయిదాల మీద కొత్తది తెచ్చాం. పది రోజులకు జవాబొచ్చింది, కుటుంబానికి సాయం అవసరం లేదని. కారణాల్లో మొదటిది డబుల్ డోర్ ఫ్రిజ్.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పేదరికం నిరూపించడానికి మందును పాడు చేసుకోవాలా? మా ఆయన వద్దులే, ఆ గాజులు కుదువ పెడదాం అన్నాడు. మూడో డోసుకు అదే చేశాం. కానీ నేను ఊరుకోలేదు. మందు డబ్బా మీద డిగ్రీలు రాసి ఉన్న చోట ఫోటో తీసి, ఫ్రిజ్ వాయిదాల రసీదు, మా ఆయన మూడు నెలల జీతం చీటీలు పెట్టి, రెండు పేజీల ఉత్తరం నేనే రాశాను. డాక్టరమ్మ చదివి, ఇంతకంటే బాగా నేను రాయలేనమ్మా అని, కింద తన మాట నాలుగు వరుసలు చేర్చి సంతకం పెట్టింది. ఐదు వారాలకు ఒప్పుకున్నారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

ఇల్లు చూడ్డానికి వస్తామంటే ఒక్కరే ఉండకండి, పక్కింటి అక్కనైనా పిలిచి కూర్చోబెట్టుకోండి. వాళ్లు రాసుకున్నది చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ సీసాలు, డబ్బాలు, అసలు బిల్లులు పారేయకండి, అవి ఇస్తేనే ఉచిత డోసు. రెండోసారి సిస్టర్ మా సీసాను చెత్తలో వేసేస్తే వెనక్కి అడిగి తీయించుకున్నాను. ఈ మందుతో పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, షుగరు మారవచ్చు, అడిగి పరీక్షలు చేయించుకోండి.

ఇవాళ సిస్టర్ చేతిని కళ్లార్పకుండా చూశాను. అరగంట ముందే బయట పెట్టిన సీసాలోకి నెమ్మదిగా ద్రవం వదిలింది, పొడి పూర్తిగా తడిసేదాకా కదపలేదు, తర్వాత మెల్లగా తిప్పి పాలలా అయ్యాక వెంటనే వేసింది. ఆలస్యమైతే అడుగున పేరుకుని సూదిలో అడ్డుపడుతుందట. ఖాళీ సీసా అడక్కుండానే కవర్లో పెట్టి ఇచ్చింది.

వచ్చే డోసుకు మళ్లీ మేమే కట్టాలి. అది కూడా శుక్రవారమే, ఎనిమిదిన్నరకే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టాలని క్యాలెండర్ మీద రాసుకున్నాను.