అరవకు నాన్నా, ఫోను ఇక్కడే ఉంది: నా మొదటి సెల్ఫ్ టేపు

ఇరవై తొమ్మిదేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అంతకు ముందు నుంచీ పరిషత్తు నాటిక పోటీల్లో వేషాలు వేస్తున్నాను, ఇప్పటికీ వేస్తున్నాను. రెండూ గొంతుతో పనే. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా మాట వెళ్లాలి, పరిషత్తులో ఆఖరి కుర్చీ దాకా వెళ్లాలి. మా ఇంట్లో నేను ఫోన్ మాట్లాడితే పక్కింటివాళ్లకి విషయం మొత్తం తెలిసిపోతుంది.

పోయిన వేసవిలో మా నాటక సమాజం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక పోస్టరు పెట్టారు. వెబ్ సిరీస్‌కి నటులు కావాలట. యాభై నుంచి అరవై మధ్య వయసు, గుంటూరు యాస, మేకప్ లేని ఫోటోలు, ఒక సెల్ఫ్ టేపు. సెల్ఫ్ టేపంటే ఏంటో నాకు తెలియదు. మా అమ్మాయి హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది, తనని అడిగాను. "నిన్ను నువ్వే ఫోన్‌లో తీసుకుని పంపాలి నాన్నా. ఆడిషన్ మన ఇంట్లోనే" అంది. తెనాలి నుంచి ఛార్జీలు పెట్టుకుని, హైదరాబాదులో సినిమావాళ్లుండే కృష్ణానగర్ వెళ్లి, మెట్ల మీద గంటలు గంటలు కూర్చునే బాధ తప్పిందనుకున్నాను. బాధ తప్పలేదు, ఇంటికే వచ్చింది.

ముందు ఫోటోలతో మొదలైంది. ఎదురుగా ఒకటి, కుడి పక్క, ఎడమ పక్క, నిలువెత్తుది ఒకటి అడిగారు. నేను స్టూడియోకి వెళ్లి కోటు వేసుకుని దిగొచ్చాను. ఆ కుర్రాడు కంప్యూటర్లో నా ముఖాన్ని ఎంత నున్నగా చేశాడంటే, గడ్డం మీద పులిపిరి కూడా మాయమైంది. అమ్మాయి చూసి "ఇది పెళ్లిచూపులకి పంపుకో" అని పక్కన పడేసింది. తర్వాత సెల్ఫీ కెమెరాతో తీసుకున్నాను. అందులోనూ ముఖం నున్నగానే వచ్చింది. బ్యూటీ మోడ్ అని ఒకటి దానంతటదే ఆన్‌లో ఉందట. పైగా ముక్కు నా ముక్కులా లేదు. చేతి దూరంలో పెట్టి తీస్తే కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. చివరికి అమ్మాయే వెనక కెమెరా పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీసింది. వీధి గుమ్మం పక్కన, వెలుతురు ఒక చెంప మీద పడేట్టు నిలబెట్టింది. పులిపిరితో సహా నేను నేనులా ఉన్నాను. ఖర్చు సున్నా. స్టూడియోకి ఇచ్చిన మూడొందలు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

రెండు రోజులకి సీను పేపరు వచ్చింది. ఒక తండ్రి పోలీస్ స్టేషన్‌కి వస్తాడు. కొడుకు నాలుగు రోజులుగా కనపడటం లేదు. ఎస్సై ఫోటో అడుగుతాడు. తండ్రి దగ్గరున్నది పదో తరగతి హాల్‌టికెట్ జిరాక్సు. అది చూపిస్తూ "ఇప్పుడింకా పొడుగయ్యాడు సార్" అంటాడు. మొత్తం పన్నెండు డైలాగులు. ఒక్క పూటలో నోటికొచ్చేశాయి. నావే కాదు, ఎస్సైవి కూడా. స్టేజీ మీద మాకు అదే అలవాటు, ఎదుటివాడు మర్చిపోతే మనమే అందించాలి కదా.

మొదటి టేకు నిలువుగా తీశాం. అడ్డంగా తీయమని పేపర్లోనే రాసి ఉందని తర్వాత చూసుకున్నాం. రెండోది హాల్లో ట్యూబ్‌లైటు కింద తీస్తే, నా ముఖం మీదుగా నల్లటి చారలు పైనుంచి కిందకి జారుతున్నాయి. ఫోన్ పోయిందేమో అనుకున్నాను. ఫోన్ బాగానే ఉంది, తేడా కరెంటులో ఉంది. మన కరెంటు యాభై హెర్ట్జ్, పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంది. కంటికి అది తెలియదు కానీ కెమెరా షట్టరు దాంతో లయ కలపకపోతే చారలు పడతాయి. కెమెరాలో అన్నీ మనమే చేత్తో పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టరు సెకనులో 1/50 వంతు పెడితే ఆగిపోయాయి. ఇంకో చిక్కు, నేను కదిలినప్పుడల్లా వెనక తెల్ల గోడని చూసి ఫోన్ నా ముఖాన్ని చీకటి చేసేస్తోంది. తెర మీద నా ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే వెలుతురూ ఫోకసూ లాక్ అవుతాయి. ఈ ఒక్కటి తెలిస్తే సగం టేపులు బాగుపడతాయి.

ఇక శబ్దం. ఫ్యాను ఆపాలి. మే నెలలో తెనాలిలో, మధ్యాహ్నం పూట, తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చున్నాం. నాలుగో డైలాగుకి కనుబొమల మీద నుంచి చెమట కంట్లోకి దిగేది. కాస్త బాగా వస్తోంది అనుకునేసరికి వీధిలో మామిడికాయల బండి మైకు. చొక్కాకి తగిలించే చిన్న మైకు తెప్పించాం. దాంతో నా గొంతు వింటే స్పీకరు చిరిగిపోయినట్టుంది. అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసేసి, చెవి రుద్దుకుంటూ "అరవకు నాన్నా, ఫోను ఇక్కడే ఉంది" అంది.

నాకు కోపం వచ్చింది. నేను అరవడం లేదు, నటిస్తున్నాను. 1932లో తొలి తెలుగు టాకీకి నటులు వెళ్లింది సురభి స్టేజీ మీద నుంచే తెలుసా అన్నాను. "అయితే వాళ్లకీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే, మైకు పక్కనే ఉందని" అంది. ఆ రోజు ఇంక తీయలేదు.

రాత్రి భోజనాలయ్యాక తీసినవన్నీ టీవీలో పెట్టుకుని చూశాం. ఇన్నేళ్లలో నా నటన నేను చూసుకోవడం అదే మొదలు. పరిషత్తు వాళ్లు వీడియోలు తీస్తారు కానీ అందులో మేమంతా అగ్గిపుల్లంత ఉంటాం. ఇక్కడ నా ముఖం ముప్పై రెండు అంగుళాలు. మా ఆవిడ అప్పడం నములుతూ ఒక మాటంది: "ఆయనెవరో మాట్లాడుతుంటే మీరెందుకండీ నోరు కదుపుతారు?"

మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. నిజమే. ఎస్సై మాట్లాడుతున్నంతసేపూ నా పెదాలు లోపల్లోపల ఎస్సై డైలాగు చెప్పుకుంటున్నాయి. తన మాట ఎప్పుడైపోతుందా, నాదెప్పుడు ఎత్తుకుందామా అని కాచుకుని ఉన్నాను. టికెట్ కొట్టేవాడు తర్వాతి స్టాపు కోసం చూసినట్టు. స్టేజీ మీద ఎన్నేళ్లు ఇలా చేశానో నాకు తెలియదు, ఆఖరి కుర్చీకి ఇది కనపడదు. మా జడ్జీలకి కూడా కనపడలేదు, రెండుసార్లు ఉత్తమ నటుడు ఇచ్చారు.

ఇంకోటి కూడా కనపడింది. "ఇప్పుడింకా పొడుగయ్యాడు సార్" అన్నప్పుడు నేను చెయ్యి పైకెత్తి ఎత్తు చూపిస్తున్నాను. ఆ చెయ్యి ఫ్రేములో లేదు. తెర పై అంచు దగ్గర మోచెయ్యి ఒక ముక్క వచ్చి పోతోంది, అంతే. ఫ్రేము ఛాతీ నుంచి నెత్తి దాకే. నా అభినయమంతా ఫ్రేము బయట జరుగుతోంది.

పెదాల జబ్బుకి మందు అమ్మాయే కనిపెట్టింది. మర్నాడు పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. ఎస్సై డైలాగులు పేపర్లో ఉన్నట్టు చదవకుండా, అర్థం అదే ఉంచి ప్రతిసారీ మాటలు మార్చేది. ఒకసారి "ఫోటో ఉందా?" అని, ఒకసారి "ఎట్లా ఉంటాడయ్యా మీవాడు?" అని. ఏం అడుగుతుందో తెలియదు కాబట్టి చచ్చినట్టు వినాలి. నా పెదాలకి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అప్పటిదాకా నేల మీద కూర్చుని చదివేది, తనకేసి చూస్తుంటే నా కళ్లు మూసుకున్నట్టు పడేవి. ఇప్పుడు స్టూలు మీద, ఫోన్‌కి ఆనుకుని, లెన్సు ఎత్తులో తల పెట్టి కూర్చుంది. దాంతో రెండు కళ్లూ కనపడ్డాయి. చెయ్యి ఎత్తడం మానేసి, పక్కన వాడే నిలబడి ఉన్నట్టు కళ్లు మాత్రం కాస్త పైకి తీసుకెళ్లాను. పదిహేడో టేకు పంపుదామనుకున్నాం. మొదట్లో పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, రెండు పక్కలకీ తిరిగి చూపించే ముక్క కూడా కలిపాం.

పంపడంలో ఇంకో తప్పు చేశాం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుందని, డ్రైవ్‌లో పెట్టి లింకు పంపింది అమ్మాయి. లింకు ఎవరైనా తెరిచేలా మార్చడం మర్చిపోయింది. మూడో రోజు మెయిల్ చూసుకుంటే, తాళం తీయమని అవతలివాళ్లు ఎప్పుడో అడిగి ఉన్నారు. ఆ మూడు రోజులూ నేను ఫోన్ చేతిలో పెట్టుకుని తిరిగాను, బాత్రూములోకి కూడా.

ఈలోగా ఒకాయన ఫోన్ చేశాడు. కోఆర్డినేటర్నని, ప్రొఫైలు సెలెక్టయిందని, ఆర్టిస్టు కార్డుకి ఎనిమిదిన్నర వేలు కట్టాలని చెప్పాడు. ఏ సిరీస్ అని అడిగితే చాలా ప్రాజెక్టులున్నాయన్నాడు. చిల్లర విషయంలో నన్ను మోసం చెయ్యడం కొంచెం కష్టం. వేషం వేసినవాడికి డబ్బులిస్తారు గానీ వేషగాడి దగ్గర తీసుకోరు బాబూ అని పెట్టేశాను. మా సమాజంలోనే ఇద్దరు ఇలా కట్టారని తర్వాత తెలిసింది.

అసలువాళ్ల ఫోన్ పదకొండో రోజు వచ్చింది. యూసఫ్‌గూడలో ఒక ఆఫీసుకి రమ్మన్నారు. చిన్న గది, నీలం గోడ, ఒక లైటు. డైరెక్టరు కుర్రాడు, నా బస్‌పాసు ప్రయాణికుల వయసు. ఒకసారి చేయించి, "బాగుంది సార్, ఇప్పుడు బాధపడకుండా చెయ్యండి. మీకు బస్సు టైమవుతోంది, ఈ పని చూసుకుని వెళ్లిపోవాలి, అంతే" అన్నాడు. బస్సు టైము అనగానే నాకు అర్థమైంది. గోడ గడియారం వైపు ఒకసారి చూసి మాట్లాడాను. తల ఊపి రాసుకున్నాడు. బయటికొచ్చాక అసిస్టెంటుని అడిగాను, అంతమందిలో నన్నెందుకు పిలిచారు బాబూ అని. ఏదైనా గొప్ప మాట వస్తుందని ఆశ. "మీ టేపులో మాట వినపడింది సార్. సగం టేపుల్లో ఫ్యాను తప్ప ఏమీ వినపళ్లేదు" అన్నాడు.

షూటింగు ఒక్క రోజు. ఊరి శివార్లో పాత స్కూలు బిల్డింగుని పోలీస్ స్టేషన్ చేశారు. ఆరింటికి రమ్మన్నారు, నా షాటు మూడూ నలభైకి. మధ్యలో ఇడ్లీ, నిద్ర, భోజనం, మళ్లీ నిద్ర. ముందు మాస్టర్ షాటు తీశారు, గదంతా కనపడేలా. డైరెక్టరు చెయ్యి ఎత్తమన్నాడు. వైడ్‌లో చెయ్యి కావాలట. సరే, ఎత్తాను. ఊరుకోక కంటతడి కూడా పెట్టాను. ఎస్సై వేషం వేసినాయన నా చెవి దగ్గరకొచ్చి "దాచుకోండి గురువుగారూ, క్లోజ్ ఇంకా ఉంది" అన్నాడు. నాకప్పుడు ఎక్కలేదు. గంటన్నర తర్వాత ముఖం దగ్గరగా తీసే ఆ క్లోజ్ పెట్టేసరికి కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

అంతకంటే పెద్ద తలనొప్పి కంటిన్యుటీ. జిరాక్సు ఏ చేతిలో ఉంది, కండువా ఏ మాట మీద సర్దుకున్నారు, చెయ్యి ఎంత ఎత్తు లేచింది, ప్యాడు పట్టుకున్న అమ్మాయి అన్నీ రాసుకుంది. నేను మాస్టర్‌లో ఎడమ చేత్తో జిరాక్సు పట్టుకుని కుడి చెయ్యి ఎత్తానట. క్లోజ్‌లో చెయ్యి ఎటూ కనపడదు కదా, మానేస్తానన్నాను. "చెయ్యి కనపడదు సార్, భుజం కనపడుతుంది" అంది. భుజం లేవకపోతే రెండు షాట్లు అతకవు. కనపడని చెయ్యిని అదే మాట మీద, అంతే ఎత్తుకి ఎత్తాలి. ఎత్తుతూ ముందుకి వంగితే కెమెరా పక్కన కూర్చుని ఫోకస్ తిప్పే కుర్రాడు తల పట్టుకుంటాడు, బొమ్మ మసకబారుతుంది. నేల మీద టేపు ముక్క దాటకూడదు, దాన్ని చూడకూడదు.

ఆ సమయానికి ఎస్సై వేషం ఆయన డేట్ అయిపోయి వెళ్లిపోయాడు. కెమెరా పక్కన స్టాండుకి ఎర్ర టేపు ముక్క అంటించి, అదే ఎస్సై అన్నారు. డైలాగులు అసిస్టెంటు అందించాడు, నిద్రమొహంతో, రేషన్ లిస్టు చదివినట్టు. కొత్తవాళ్లయితే ఇక్కడ కంగారుపడతారేమో. నాకు మాత్రం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. స్టూలు మీద మా అమ్మాయి ఇంతకంటే చప్పగా చదివేది. నీళ్లు రాలేదు. రాకపోవడమే బాగుందని డైరెక్టరు ఓకే చెప్పాడు. మొహమాటానికి అన్నాడేమో.

డబ్బులు ఆరు వేలు మాట్లాడారు, రెండు నెలలకి పడ్డాయి. ఆ తర్వాత డబ్బింగుకి పిలిచారు. అద్దాల గదిలో నన్నొక్కడినే నిలబెట్టి, తెర మీద నా ముఖమే వేసి, పెదాలకి సరిగ్గా మాట పడాలన్నారు. పన్నెండు డైలాగుల్లో తొమ్మిదే మిగిలాయి. అందులో ఎనిమిదీ ఒక్క గంటలోనే అయిపోయాయి. తొమ్మిదోది "ఇప్పుడింకా పొడుగయ్యాడు సార్". అది చెప్తూ చెయ్యి ఎత్తాను, మైకు స్టాండుకి తగిలి ఢామ్మంది. ఇంజనీరు అద్దం అవతల నుంచి "సార్, చెయ్యి కిందుంచి చెప్పండి, ఇక్కడ ఎవరూ చూడరు" అన్నాడు.

చెయ్యి కిందుంచితే మాట రాలేదు. మూడుసార్లు ప్రయత్నించాం. చివరికి ఆయనే లోపలికొచ్చి స్టాండుని ఒకడుగు పక్కకి జరిపాడు.