గుర్రం దగ్గర కలుద్దాం

"పొద్దున పదింటికి గుర్రం దగ్గరుండండి" అన్నాడు బెల్‌గ్రేడ్‌లో మా హాస్టల్ కుర్రాడు. ఏ గుర్రమని అడగకపోవడం నా తప్పే. మర్నాడు రిపబ్లిక్ స్క్వేర్‌లో గుర్రబ్బండి కోసం పావుగంట తిరిగాక గానీ అది కంచు గుర్రమని తెలియలేదు.

దాని మీద సెర్బియాని ఏలిన ప్రిన్స్ మిహాయిలో ఒబ్రెనోవిచ్. నెత్తిన టోపీ లేదు. చెయ్యి దక్షిణానికి చాచాడు. 1882 నాటి విగ్రహమిది. పీఠం మీద బెల్‌గ్రేడ్, స్మెదెరెవో, షాబాత్స్, ఉజిత్సె అంటూ 1860లలో తుర్కు సైన్యం ఖాళీ చేసిన కోటల పేర్లు. ఆ చెయ్యి చూపేది అప్పటికింకా చేతికి రాని నేలలనట.

అసలు నేనొచ్చింది ఆయన మంత్రి ఇలియా గరాషానిన్ కోసం. ఈయన 1844లో హోం మంత్రిగా ఉంటూ రహస్యంగా రాసిందే 'నాచెర్తానియె', అంటే ముసాయిదా. పద్నాలుగో శతాబ్దపు సెర్బు చక్రవర్తి దుషాన్ కాలపు మహారాజ్యాన్ని తలుచుకుంటూ సెర్బులందర్నీ ఒక్కటి చేసే పథకం. చిత్రమేంటంటే, దాని ముడిసరుకు పరాయివాళ్లది: పారిస్‌లో తలదాచుకున్న పోలిష్ నాయకుడు చర్తోరిస్కి సలహాలు, ఆయన మనిషిగా బెల్‌గ్రేడ్ వచ్చిన జాహ్ అనే చెక్ జాతీయుడు రాసిన ప్లాను. జాహ్ 'దక్షిణ స్లావులు' అన్న చోట్ల గరాషానిన్ 'సెర్బులు' అని దిద్దాడు. క్రొయేషియా గురించిన అధ్యాయాన్ని ఎత్తేశాడు. నాకైతే ఆ ఒక్క మాట మార్పులోనే కథంతా ఉందనిపిస్తుంది. అది అచ్చులోకొచ్చింది 1906లో.

అక్కణ్ణుంచి చుకుర్ చెస్మా. చిన్న నీటి ఊట, పైన పగిలిన కూజాతో కంచు పిల్లాడు. 1862లో ఇక్కడ నీళ్ల దగ్గర తుర్కు సైనికులతో ఒక సెర్బు పిల్లాడికి తగువైంది. అది ముదిరి, తుర్కుల చేతిలో ఉన్న కోట మీది ఫిరంగులు ఊరి మీద పేలాయి. అయిదేళ్లకి, 1867లో, ఆ కాలెమెగ్దాన్ కోట తాళాలు మిహాయిలో చేతికొచ్చాయి. మరుసటేడే కోషుత్న్యాక్ అడవిలో ఆయన్ని చంపేశారు. తుర్కులకి ఎదురుగా గ్రీసుతో, మోంటెనెగ్రోతో కుదుర్చుకున్న పొత్తులు ఆయనతోనే చల్లబడ్డాయి.

మధ్యాహ్నం, '?' అన్నదే పేరుగా ఉన్న పాత కాఫీ హోటల్లో కూర్చున్నాం. రాగి గిన్నెలో తుర్కు కాఫీ, అడుగున మడ్డి. నాచెర్తానియె చదివావా అని కుర్రాణ్ణి అడిగాను.

"పరీక్షకి చదివా. 1844 అని మాత్రం గుర్తుంది" అని, నా కప్పులో మడ్డి తాగొద్దన్నాడు.