పెన్నా ఒడ్డున ఆ అరగంట

జమ్మలమడుగులో బస్సు దిగేసరికి ఉదయం ఏడు దాటింది. అక్కడి నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకున్నాం. "కోట కోసమా, లోయ కోసమా సార్?" అని డ్రైవరు అడిగితే మా మేనల్లుడు నా వంక చూసి నవ్వాడు. ఒక సినిమాలోని మొదటి అరగంటను కాళ్లతో నడిచి చూడటానికి వచ్చానని ఆయనకు ఎలా చెప్పను?

1968లో వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్'ను కాలేజీ రోజుల్లో అద్దె క్యాసెట్టులో చూశాను. అందరికీ గుర్తుండేవి మాట్లాడే వానరాలు, చివరి దృశ్యం. (అదేమిటో ఇక్కడ చెప్పను. చూడనివాడు ఒకడు నా పక్కనే ఉన్నాడు.) నన్ను పట్టుకున్నది మాత్రం వ్యోమనౌక నీట మునిగాక ముగ్గురు మనుషులు బండల మధ్య నడుస్తూ పోయే భాగం. అప్పటికి ఒక్క వానరం కూడా కనిపించదు. ఎండ, రాయి, దాహం, అంతే. ఆ నౌక మునిగింది అమెరికాలోని పావెల్ సరస్సులో. కొలరాడో నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి 1963 నుంచి నింపుతూ వచ్చిన జలాశయం అది. వేరే గ్రహమని మనల్ని నమ్మించింది పెన్నా మీది మన మైలవరం లాంటి డ్యాం నీళ్లే! ఆ సంగతి తెలిసిన నాటి నుంచి నా కన్ను పెన్నా మీద పడింది.

కోటలోకి వెళ్లి, మసీదునూ ధాన్యాగారాన్నీ తర్వాత చూద్దామని దాటేసి, నేరుగా లోయ అంచుకు నడిచాం. ఎర్రమల కొండలను పెన్నా నిలువునా కోసిన చోటు. పలకల మీద పలకలు పేర్చినట్టు ఎర్రటి బండలు, ఎక్కడో అడుగున ఆకుపచ్చని నీరు. కంచె లేదు. మావాడు గబగబా ముందుకు పోతుంటే నా గుండె జారింది.

వాడిది 2011లో కొత్తగా మొదలైన 'ఏప్స్' చిత్రాల తరం. వాటిలో కంప్యూటర్‌లో పుట్టిన సీజరే వాడికి అసలైన వానరం. "రబ్బరు మూతులు చూసి ఎలా భయపడ్డారు మామయ్యా?" అన్నాడు. ఆ రబ్బరు మూతులు తయారుచేసిన జాన్ చాంబర్స్ అంతకుముందు యుద్ధంలో ముఖాలు దెబ్బతిన్న సైనికులకు కృత్రిమ అవయవాలు చేసిన మనిషని చెప్పాను. మేకప్‌కు విడిగా ఆస్కార్ విభాగమే లేని రోజుల్లో ఆయనకు గౌరవ పురస్కారం ఇచ్చారు. ఆ తొడుగు వెనక నుంచి కళ్లతోనే నటించిన రాడీ మెక్‌డోవల్ మొదటి ఐదు చిత్రాల్లో నాలుగింటిలో కనిపిస్తాడు. సీజర్ కళ్లు గొప్పవే, కాదనను. కానీ మెక్‌డోవల్‌కు చెమట పట్టింది.

ఆ పాత చిత్రాల వరుసలో నాకు ముచ్చటైన సంగతి ఇంకొకటుంది. రెండో భాగం చివర ఆ లోకమే పేలి బూడిదైంది. మూడోది తీయాలంటే దారేది? మూడు వానరాలను పాత నౌకలో ఎక్కించి 1973 నాటి అమెరికాకు పంపేశారు! మన పురాణాల్లో కూడా ఇంత చులాగ్గా గండం గట్టెక్కినవారు తక్కువ.

ఆ మొదటి సినిమాకు జెర్రీ గోల్డ్‌స్మిత్ కట్టిన సంగీతం ఫోనులో పెట్టి బండల మీద అరగంట నడిచాం. "వంటింట్లో గిన్నెలు మోగుతున్నట్టుంది" అన్నాడు. నిజంగానే స్టీలు గిన్నెలు వాయించారు అంటే నమ్మలేదు. ఇంతలో అసలు కోతి ఒకటి వచ్చి, మా చెల్లెలు కట్టిచ్చిన పులిహోర పొట్లాన్ని ఎత్తుకుపోయింది. దానికి ఏ మేకప్పూ అవసరం లేకపోయింది. నీళ్ల సీసా కూడా అప్పటికే అడుగంటింది. సినిమాలోని దాహం నాకు బాగానే అర్థమైంది.

తిరుగుదారిలో మాధవరాయస్వామి గుడి నీడలో కూలబడ్డాం. పూజలు లేని గుడి. గోపురం మీద శిథిలమైన బొమ్మలు, ఇటుకల సందుల్లో మొలిచిన గడ్డి. మావాడు చాలాసేపు తల పైకెత్తి చూసి అడిగాడు: "మామయ్యా, దీన్ని కట్టించినవాళ్లు ఇప్పుడు వచ్చి చూస్తే, ఇది తమ ఊరేనని గుర్తుపడతారా?"

వాడింకా ఆ చివరి దృశ్యం చూడలేదు. నేను నోరు మెదపలేదు.