108 చుట్లు, 21వ పుట్టినరోజు

2010లో అమెరికా వెళ్ళడానికి మా ఆయనకి హెచ్‌1 (ఉద్యోగ వీసా), నాకూ మా పెద్దదానికీ హెచ్‌4 (హెచ్‌1 వాళ్ళ భార్యాపిల్లలకిచ్చే వీసా) స్టాంపింగ్ అయిన వారానికే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి 108 ప్రదక్షిణలు చేశాను. అంతకుముందు 11 చేసి మొక్కుకున్న బాకీ అది. చుట్లు లెక్కపెట్టుకునే అంకెల కాగితం దాని చేతికిచ్చి, ఒక్కో చుట్టుకి ఒక్కో అంకె కొట్టెయ్యమన్నాను. ఆరేళ్ళ పిల్ల, మధ్యలో పెన్ను పక్కన పడేసి కొబ్బరిముక్క తింటూ కూచుంది. ఎక్కడిదాకా వచ్చామో తెలీక, ఎందుకైనా మంచిదని ఇంకో పది ఎక్కువే తిరిగాను. ఆ కాగితం ఇప్పటికీ పాస్‌పోర్టుల కవర్లోనే ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి.

వీసా ఇచ్చినాయన గ్రీన్ కార్డు ఇవ్వడా అని నా ధీమా. మా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో మా చోటు ఖాయమైన తేదీ, 2015. ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం మించి ఇవ్వరు కాబట్టి మన క్యూ కదలదు, పిల్లలకి 21 నిండితే హెచ్‌4 పోతుంది. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) త్వరగా అవ్వాలని ప్రీమియం ఫీజు కడితే రెండు వారాల్లో అప్రూవ్ అయింది, స్వీట్లు కూడా పంచాం. అది పెండింగ్‌లో ఉన్న రోజుల్నే గ్రీన్ కార్డుకి చూసే పిల్లల వయసులోంచి తీసేస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. అంటే డబ్బు కట్టి మరీ దానికి తగ్గే నెలల్ని పోగొట్టాం. (ఆ నెలలున్నా మా వంతు వచ్చేది కాదు, నాకూ తెలుసు, కానీ రాత్రిళ్ళు నిద్రపట్టనప్పుడు మనసు ఇలాంటివే పట్టుకుని వేలాడుతుంది.)

పదహారేళ్ళకి దాని ఫ్రెండ్స్ అందరూ ఐస్‌క్రీమ్ షాపులో చేరితే, హెచ్‌4 మీద పని చెయ్యకూడదని దీనికి చెప్పాల్సి వచ్చింది. తమ్ముడు ఇక్కడే కొలంబస్‌లో పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడే, వాడికి ఏ బాధా లేదు. పోయినేడు ఎఫ్‌1కి (స్టూడెంట్ వీసాకి) మారి, పదిహేనేళ్ళుగా పెరిగిన ఊళ్ళోనే ఇది ఇంటర్నేషనల్ స్టూడెంట్ అయింది. చదువయ్యాక సొంత దేశం వెళ్ళిపోతానని చెప్పాలి. ఆ సొంత దేశంలో దానికి తెలిసిందల్లా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు, వీధి చివర మిర్చి బజ్జీల బండి.

చిన్నప్పుడు గజేంద్రుడి కథ చెప్తూ మొసలితో వెయ్యేళ్ళు పోరాడాడంటే, "మరి దేవుడు ముందే ఎందుకు రాలేదు?" అనేది. ఏనుగు ముందు పిలవలేదు కదా అని సర్దిచెప్పేదాన్ని. ఎఫ్‌1 కాగితాలు పంపిన రాత్రి అదే గుర్తుచేసి, "నువ్వు మొదట్నించీ పిలుస్తూనే ఉన్నావు కదమ్మా" అంది. ఎగతాళిగా కాదు, డిష్‌వాషర్లో గిన్నెలు సర్దుతూ మామూలుగా.

నాకు మాత్రం ఆ మాట దిగిపోయింది. నెలన్నర దీపం పెట్టలేదు. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, ఆ దేవుడి మీద అలిగాను. ఓ శనివారం కిందికి దిగేసరికి మా అమ్మాయే కొవ్వొత్తుల లైటరుతో కుందె వెలిగిస్తోంది, వత్తి నూనెలో మునిగిపోయి అంటుకోక తిప్పలు పడుతూ. "నీకు ఆయన మీద కోపం లేదా?" అన్నాను. "గ్రీన్ కార్డు ఇవ్వడం ఆయన పనని నేనెప్పుడూ అనుకోలేదే, అది నీ మొక్కు" అని, వత్తి పైకి లాగమని నన్నే పిలిచింది. మనం పిల్లలకి దేవుణ్ణి నేర్పిస్తున్నామనుకుంటాం. ఇన్నేళ్ళూ నేను దానికి చూపించింది మాత్రం ఒక కౌంటరు, ఇటు మొక్కు కడితే అటు పని అయ్యేది.

పుట్టినరోజుకి మూడు గంటలు డ్రైవ్ చేసి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికెళ్ళాం. 1976 నుంచీ ఉన్న గుడి, మాకంటే ముందొచ్చినవాళ్ళు ఎన్నెన్ని మొక్కుకున్నారో ఇక్కడ. నేను కూచుండిపోయాను, అది తిరుగుతోంది. నా దగ్గరికొచ్చినప్పుడు ఎన్నయ్యాయే అంటే, "లెక్కపెట్టట్లేదు" అని వెళ్ళిపోయింది. చిన్నవాడు మాత్రం, కింద పులిహోర అయిపోతుందేమో అక్కని త్వరగా రమ్మని చెప్పమని ఒకటే గొడవ.